అయిదుగురి పేర్లూ రాయించు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో, హైదరాబాదు నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. బాగున్నారా అంటే బాగున్నాం అనే రెండు ముక్కలు అయ్యాక అసలు సంగతికి వచ్చింది. "మామయ్యా, అప్పట్లో మీకొక డబ్బా పంపించాను చూడండి, మర్డర్ మిస్టరీ గేమ్. అది ఎలా ఉంటుంది? ఈ శనివారం మా ఫ్రెండ్సందరం కూర్చుని ఆడదామనుకుంటున్నాం. కొనొచ్చా, దండగా?" అని అడిగింది. తను ఒక్కసారి కూడా ఆడకుండానే నాకు పంపిందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆఫీసులో ఎవరో బహుమతిగా ఇస్తే, ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేక, నరసరావుపేటలో మామయ్య ఆదివారాలు ఏమీ తోచక కూర్చుంటాడు గదా అని నా నెత్తిన పడేసిందట. "ఇంతకీ అందులో ఎవరు చంపారు మామయ్యా?" అంది. తెలియదమ్మా అన్నాను. "ఆడామన్నారుగా?" అంటే, ఆడాం గానీ సగం దాకానే అని చెప్పి, కొట్లో పనుందని అబద్ధమాడి పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఆ డబ్బా సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒంట్లో ఓపిక అయిపోయినట్టు ఉంటుంది.

ఈ రోజుల్లో అన్నీ డబ్బాల్లోనే వస్తున్నాయి. పులిహోర డబ్బాలో వస్తుంది, వ్రతం సామాను పసుపు కుంకాలతో సహా డబ్బాలో వస్తుంది, పిల్లల పుట్టినరోజుకి బెలూన్లూ టోపీలూ కలిపి ఒక డబ్బా వస్తుంది. కానీ హత్యను కూడా అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతారని మా పల్నాటి వైపు వాళ్ళం ఊహించగలమా? మా చిన్నప్పుడు అది ఊరికే దొరికేది, ఎవరూ అడక్కపోయినా. ఏ ఊళ్ళో ఏం జరిగిందో పొద్దున్నే పాలబండి వాడు చెప్పేవాడు, వినేవాళ్ళు నోట్లో పుల్ల తియ్యకుండానే వినేవాళ్ళు. అలాంటి చోట పుట్టి పెరిగి, అరవై దగ్గరకొచ్చాక, సరదా కోసం హత్య ఆట ఆడటానికి కూర్చోవడం నాది బుద్ధి తక్కువే. అయితే దానికి ఒక కారణం ఉంది. మా ఆదివారాలు చచ్చిపోతున్నాయి.

మా ఆదివారాలంటే ఏమిటో చెప్పాలి. కోర్టుకి దగ్గర్లో నాకొక కొట్టు ఉంది. మొదట్లో టైపు మిషన్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి, తర్వాత జిరాక్సు మిషన్ వచ్చింది, ఇప్పుడు ఆధార్ కార్డులు అతికించి లామినేషన్ చేసేదాకా వచ్చింది. నా చిన్న వయసులో, కొట్టు ముందున్న టీ బండి దగ్గర, వాయిదా రోజుల్లో ఇద్దరు మనుషులు వచ్చి చెరో బల్ల మీద కూర్చునేవాళ్ళు. ఇద్దరిదీ గురజాల వైపు ఒకే ఊరు, రెండు వేర్వేరు పార్టీలు. ఒకతని పెదనాన్నను పొలం గట్టు మీద చంపేశారు. రెండో అతను ఆ కేసులో ముద్దాయి. ఇప్పుడు నేను మొదటతన్ని తమ్ముడూ అంటాను, రెండో అతన్ని బావా అంటాను. మాకు చుట్టరికమేమీ లేదు, పిలిచి పిలిచి అలవాటైపోయింది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, ముందు సీట్లలో ఒకళ్ళు, వెనక సీట్లలో ఒకళ్ళు. జడ్జిగారు సెలవు పెట్టారనో, వకీలు రాలేదనో వాయిదా పడితే, మళ్ళీ ఒకే బస్సులో పోయేవాళ్ళు. ఒక వానాకాలం పూట కాలవ పొంగి బస్సులు ఆగిపోతే, ఇద్దరికీ నా కొట్టే దిక్కయింది. మధ్యలో నేను కూర్చున్నాను. పొయ్యి మీద నుంచి దించిన పల్లీలు ఒకే కాగితంలో పోశాను. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెయ్యి పెట్టి తిన్నారు. అదే మొదలు.

బావ ఆ హత్య జరిగిన రోజు ఊళ్ళోనే లేడు. విజయపురి సౌత్‌లో, సాగర్ డ్యామ్ దగ్గర ఉద్యోగం చేసే మేనమామ ఇంట్లో ఉన్నాడు. ఈ సంగతి నాకూ తెలుసు, వకీళ్ళకూ తెలుసు, టీ బండి అతనికి కూడా తెలుసు. అయినా పేరు రాయించారు. మా వైపు అదొక ఆచారం లాంటిది. చేసినవాళ్ళు ఇద్దరైతే, ఎదుటి పార్టీ నుంచి పది పేర్లు రాయిస్తారు. ఆ పదిలో చదువుకున్నవాడు, ఉద్యోగానికి దగ్గర్లో ఉన్నవాడు తప్పకుండా ఉంటాడు. బావకు అప్పుడే పంతులు ఉద్యోగం వచ్చే వేళ. పోలీసు కాగితం అడ్డం పడి అది పోయింది. ఏడెనిమిదేళ్ళు తిరిగాక పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. సాక్షులంతా మేమేం చూడలేదన్నారు, కేసు కొట్టేశారు. బావ మా పేటలోనే పురుగుమందుల కొట్టు పెట్టాడు, తమ్ముడు మిర్చి వ్యాపారంలో దిగాడు. పేరు రాయించింది తమ్ముడి తండ్రి అని మా అందరి లెక్క. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత ఆ మాట ఎవరం ఎత్తలేదు. ఆదివారం మా ఇంట్లో పేక ముక్కలు పడేవి, మిరపకాయ బజ్జీలు అయ్యేవి, తమ్ముడు "అన్నా, ముక్క వెయ్యి" అంటే బావ "ఉండరా" అనేవాడు. ఇంత మామూలుగా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి.

కేసు నడుస్తున్న రోజుల్లోనే బావకు పెళ్ళయింది. ఆమెను నేను అక్కా అంటాను. అక్క మాట తక్కువ మనిషి. బావ ఒక మాట అంటే రెండో మాట ఉండేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని బావ అంటే, ఎక్కువ కాకపోయినా అవునండీ అనేది. మా మగవాళ్ళం అదొక గొప్పగా చెప్పుకునేవాళ్ళం. "అక్కను చూసి నేర్చుకో" అని నేను మా ఆవిడకు చెప్పిన రోజులు చాలా ఉన్నాయి, ఆవిడ నాకు తిరిగి చెప్పినవి ఇక్కడ రాయడం కుదరదు.

తర్వాత తర్వాత ఆదివారాలు నీరసపడ్డాయి. మాకు మనవరాలు పుట్టింది, పసిపిల్ల వచ్చి తిరిగే ఇంట్లో పేక ముక్కలు కనపడటానికి వీల్లేదని మా ఆవిడ ముక్కలు కట్టగట్టి అటక మీద పడేసింది. ముక్కలు లేకపోయేసరికి తమ్ముడు వచ్చి మిర్చి రేట్లు ఫోన్లో చూసుకుంటూ కూర్చునేవాడు, బావ ఎవరో పంపిన వీడియోలు సౌండు పెట్టి చూసేవాడు, నేను కునికేవాణ్ణి. టీ తాగి లేచిపోయేవాళ్ళు. ఒక వారం బావ రాలేదు, మరో వారం తమ్ముడు రాలేదు. ఇట్లా ఒక రోజు పూర్తిగా ఆగిపోతాయని నాకు దిగులు పట్టుకుంది. సరిగ్గా ఆ ఎండాకాలంలో మేనకోడలి డబ్బా వచ్చింది. అయిదుగురు ఆడే ఆట అని మీద రాసి ఉంది. నేనూ మా ఆవిడా, బావా అక్కా, తమ్ముడూ, సరిగ్గా అయిదుగురం. తమ్ముడి భార్య కూతురి పురిటికి వెళ్ళి ఉంది.

డబ్బా విప్పితే అందులో లేని వస్తువు లేదు. శవం పడున్న గది ఫోటో, కాలిపోయిన ఉత్తరం ముక్క, అగ్గిపెట్టె, పోస్టుమార్టం రిపోర్టు, చివర్లో మాత్రమే తెరవమని లక్కముద్ర బొమ్మ వేసిన కవరు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. హంతకుడెవరో చెప్పే మడత చీటీలూ ఆ కవరూ మాత్రం విప్పకుండా, కూర్చుని మిగతాదంతా పాడైన జిరాక్సు కాగితాల వెనక వైపు తెలుగులోకి రాశాను. ఇంత కష్టం నేను డిగ్రీ పరీక్షలకు కూడా పడలేదు. కథేమిటంటే, ఏదో కొండ ఊళ్ళో ఒక టీ తోటల ఆసామి తన బంగళాలో విందు చేస్తాడు, భోజనాల మధ్యలో చచ్చిపోతాడు. డాక్టరు, అన్న కొడుకు, వంటమనిషి, రెండో భార్య, సెక్రటరీ, ఈ అయిదుగురిలో ఒకళ్ళు చంపారు. చీటీలు తీశాం. బావకు డాక్టరు వచ్చింది, తమ్ముడికి అన్న కొడుకు, అక్కకు వంటమనిషి, నాకు సెక్రటరీ. మా ఆవిడకు రెండో భార్య వచ్చింది. "ఇంతమందిలో నాకిదే దొరికిందా" అని ఆవిడ మొహం మాడ్చుకుంది. అయినా ఆరోజు మా వాళ్ళ మొహాల్లో కాస్త కళ వచ్చింది, అది నేను కాదనను. ఫోన్లు అందరం టీవీ పక్కన పెట్టేశాం. కూలర్లో కొత్త గడ్డి పెట్టించాను, తడి గడ్డి వాసనతో గది చల్లగా ఉంది.

ఆటలో నియమం ఒక్కటే. అడిగినదానికి చీటీలో ఉన్న నిజం చెప్పాలి, హంతకుడి చీటీ వచ్చినవాడు మాత్రం అబద్ధం ఆడొచ్చు. ఈ నియమం రాసినవాడు మా వైపు మనుషుల్ని ఎప్పుడూ చూసి ఉండడు. మా ఆవిడ ముందు తమ్ముణ్ణి అడిగింది, భోజనాలప్పుడు నువ్వెక్కడున్నావని.

"నేను ఊళ్ళో లేనొదినా."

"అబ్బాయ్, నీ చీటీలో హాల్లో ఉన్నావని ఉండాలి గదా?"

"చీటీలో ఎన్నన్నా ఉంటయ్. అడిగిందే తడవు ఉన్నానని ఒప్పుకుంటారా ఎవరన్నా?"

బావ వంతు వచ్చింది. డాక్టరుగారూ, మీరు ఏ మందు ఇచ్చారంటే, వకీలుతో మాట్లాడకుండా నేనేం చెప్పను అన్నాడు. అక్కను అడిగితే, "నేను వంటింట్లో ఉన్నా, నాకేం తెలవదు" అని కూర్చుంది. ఎవరు ఏం అడిగినా అక్కది ఆ ఒక్క మాటే. చివరకు పోస్టుమార్టం రిపోర్టు చదివితే, తమ్ముడు అది తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసి, "ఇదెందుకు పనికొచ్చుద్ది, ఇట్టాంటియి నిలబడవు" అని పక్కన పెట్టాడు. మేం నవ్వి నవ్వి అలిసిపోయాం. చాలా ఏళ్ళకు అట్లా నవ్వాను. మా ఆవిడ బజ్జీలు తేవడానికి లేచిందంటే లేచినప్పుడల్లా "నేను లేనప్పుడు ఆడొద్దు" అని చెప్పి లేచింది. ఈ డబ్బా ఆట మా ఆదివారాల్ని బతికించిందనే అనుకున్నాను.

ఎవరు చంపారో అందరూ పేరు చెప్పాల్సిన ఘట్టం వచ్చింది. ఒక్కళ్ళు ఒక్క పేరే చెప్పాలి. తమ్ముడు ఒప్పుకోలేదు. "ఒక్క పేరేంది? ఒక్క పేరుతో కేసు నిలబడుద్దా? అయిదుగురి పేర్లూ రాయించు" అన్నాడు. ఆ అయిదుగురిలో నువ్వూ ఉన్నావురా అంటే, "అయితే నలుగురివి రాయించు" అన్నాడు. మళ్ళీ నవ్వులు. సరే, ఒక్కటే చెప్పాలంటే ఎవరిది చెబుతావని మా ఆవిడ నిలదీసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "డాక్టరు" అన్నాడు.

"డాక్టరు భోజనాలప్పుడు అక్కడ లేనే లేడు గదా, ఊళ్ళో ఎవరికో పురుడు పొయ్యటానికి పోయాడని ఉంది" అని మా ఆవిడ తన కాగితం చూపించింది.

తమ్ముడు బజ్జీ నములుతూ, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఉన్నాడా లేడా అని ఎవరు చూస్తారొదినా? అవతల పార్టీలో చదువుకున్నోడు ఎవడో చూసి ముందు ఆడి పేరు రాయించాల. ఆడు ఇరుక్కుంటే మిగతావాళ్ళు వాళ్ళే కాళ్ళ బేరానికొస్తారు."

ఆ మాట పూర్తయ్యాక గాని వాడికి తాను ఏమన్నాడో తెలియలేదు. బావ చేతిలో చీటీ బల్ల మీద పెట్టాడు. కోపంగా పెట్టలేదు, మెల్లగానే పెట్టాడు.

"నా పేరు చెప్పింది మీ నాన్న గాదా?" అన్నాడు.

తమ్ముడు వెంటనే జవాబు చెప్పి, అవునన్నా, మా నాన్నే అని ఉంటే ఆ పూట గడిచిపోయేది. చచ్చిపోయిన మనిషి మీద వేసేస్తే ఎవరికీ నొప్పి లేదు. ఎందుకు చెప్పాడో, ఆ ఆటలో నిజం చెప్పాలన్న నియమం అప్పుడు గుర్తుకొచ్చిందో, వయసు మీదపడి దాచుకునే ఓపిక పోయిందో నాకు తెలియదు. తల వంచుకుని చెప్పాడు. "మా నాన్నకు నీ పేరు యాడ తెలుసన్నా. స్టేషన్లో పేర్లు చెప్పమన్నప్పుడు ఆయన మీ నాన్నవీ బాబాయిలవీ చెప్పాడు. నీది నేను చెప్పా. మీవాళ్ళల్లో చదువుకున్నోడివి నువ్వొక్కడివే. ఆ రోజు నువ్వు సాగర్లో ఉన్నావని తెలిసే చెప్పా."

బావ ఏమంటాడోనని నేను ఆయన వైపే చూస్తున్నాను. కానీ మాట్లాడింది అక్క. ఆరోజంతా నాకేం తెలవదు అంటూ కూర్చున్న మనిషి, చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకుని, తమ్ముణ్ణి అడిగింది. "అయితే ఈయన అక్కడ లేడా?"

ఎవరికీ అర్థం కాలేదు. బావ ఆమె వైపు తిరిగి, "ఏందే? నీకు తెలవదా?" అన్నాడు.

"నాకెవరు చెప్పారు? పెళ్ళికి ముందు పెద్దమనుషులు మా నాన్నతో అన్నారు, కేసుంది గానీ కొట్టేస్తారులే అని. కొట్టేస్తారన్నారు గానీ, చెయ్యలేదని అన్నారా? కాపరానికి వచ్చిన రోజే మీ అమ్మ చెప్పింది, ఆ మాట ఇంట్లో ఎత్తొద్దు అని. ఎత్తలా."

"మరి వీడొచ్చి మనింట్లో అన్నం తింటన్నాడు గదా ఇన్నేళ్ళూ?"

"రాజీ అయింది గదా. రాజీ అయినాక రెండు పార్టీలూ కలిసి తింటారు గదా. అట్టా తింటన్నాడనుకున్నా."

బావ ఆమె వైపు వంగి, మాకు వినపడకూడదనుకున్నట్టు చిన్న గొంతుతో అడిగాడు. "చేశాననే అనుకున్నావా?"

"అనుకున్నా" అంది అక్క.

"అట్టా అనుకునే కాపరం చేశావా?"

"చెయ్యక యాడికి పోను?"

అంతే. ఆ తర్వాత అక్క లేచి, ఎప్పటిలాగే గ్లాసులన్నీ తీసుకెళ్ళి కడిగింది. మా ఇంట్లో కూడా ఆమె గ్లాసులు కడగనిదే వెళ్ళదు. బావ చెప్పులు వేసుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. తమ్ముడు ఇద్దరూ వెళ్ళిపోయేదాకా తలెత్తలేదు. కవరు తెరవకుండానే నేను డబ్బా మూసేశాను.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నేనూ మా ఆవిడా ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆవిడ కప్పు పెట్టి, ఈ ఆటలూ గీటలూ మనకెందుకు, టీవీ చూసుకుంటూ పడుండక అని నా మీద విసుక్కునేది. నాకూ ఎదురు చెప్పాలనిపించేది కాదు. ఒక రోజు ఆవిడే ఉండబట్టలేక బావ ఇంటికి వెళ్ళి వచ్చింది. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోవడం లేదట. అక్క పక్కకు తీసుకెళ్ళి మా ఆవిడతో అన్నదట, "అమ్మాయ్, ఆయన గొంతు పెద్దది చేస్తే నేను పిల్లలిద్దర్నీ తీసుకోని వంటింట్లోకి పొయ్యేదాన్ని. ఆయన కొట్టినోడు గాదు, తిట్టినోడు గాదు. అయినా నాకు భయం పోలా. ఇప్పుడు ఈ వయసులో ఈయన్ని మళ్ళీ కొత్తగా చూడాల్సొస్తంది. ఎట్టా చూడాలో తెలవట్లా." ఇది చెప్పి మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కను చూసి నేర్చుకోమని నేను అన్న రోజులు ఆవిడకు గుర్తొచ్చాయో లేదో గానీ నాకు మాత్రం గుర్తొచ్చాయి. బావకు తేలు కనపడితే కూడా చీపురుతో నెట్టి గోడ అవతల వదిలే స్వభావం. అటువంటి మనిషి పక్కన ఆమె అన్ని రాత్రులు ఎట్లా పడుకుని ఉంటుందా అని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆ వారంలోనే బావ మా కొట్టుకు వచ్చాడు. జిరాక్సు తీయించుకునే పనేమీ లేదు. బల్ల మీద కూర్చుని రోడ్డు మీద పోయే మిర్చి బస్తాల బండ్లను చూస్తూ ఉండిపోయాడు. దగ్గొచ్చేదాకా ఆ ఘాటు పీల్చాడు. తమ్ముడు ఫోన్ చేశాడా అని అడిగాను. చేస్తున్నాడు, ఎత్తట్లేదు అన్నాడు. వాడి మీద బాగా కోపంగా ఉందా అంటే, "ఆడి మీద కోపం తెచ్చుకోటానికి కూడా ఓపిక గావాల బామ్మర్దీ" అన్నాడు. "ఉజ్జోగం పోయిందంటే, పోతే పోయింది, కొట్టు పెట్టుకున్నా, బతికా. ఆడు జేసిందాంట్లో నాకు తెలిసిన నష్టం అంతవరకే. మీ అక్క నాకు ఎదురు చెప్పకపోతే అది నా మీద అభిమానం అనుకున్నా రా. నా కాపరం చానా బాగుందనుకున్నా." అంటూ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. టీ చెప్పాను. తాగి వెళ్ళిపోయాడు.

ఇదంతా మేనకోడలికి ఎట్లా చెప్పను? చెప్పినా ఆ పిల్లకేం పనికొస్తుంది? వాళ్ళది రెండు మూడేళ్ళ స్నేహం, ఒకే ఆఫీసు, ఒకే క్యాంటీను. ఆడుకోవచ్చు. ఎవడో డాక్టరు, ఎవడో సెక్రటరీ, కవరు చింపుతారు, హంతకుడు దొరుకుతాడు, పిజ్జా తిని ఇళ్ళకు పోతారు. డబ్బులు దండగేమీ కాదు. బాగా పాతబడిన స్నేహాలు ఉన్నవాళ్ళు మాత్రం అటువంటి ఆటల జోలికి పోకపోవడమే మంచిదని ఆ ఎండాకాలమంతా అనుకున్నాను. ఇప్పుడు అడిగితే అది కూడా గట్టిగా చెప్పలేను.

ఎందుకంటే, తొలకరి పడ్డాక ఒక ఆదివారం బావా అక్కా ఇద్దరూ వచ్చారు. వస్తామని ఫోన్ కూడా చెయ్యలేదు. బావ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు, అక్క ఎప్పుడూ కూర్చునే చాప మీద కాకుండా ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ టీ పెట్టబోతుంటే, "ఆగమ్మాయ్, ముందు ఆ అబ్బాయిని పిలిపించండి. నేను మాట్లాడాల" అంది. ఎవరిని అని అడగాల్సిన పని లేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. వానలోనే బండి మీద వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. బావ ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"వదినా, నన్నేమన్నా అను" అన్నాడు వాడు.

బావ ఇబ్బందిగా కదిలి, "పోనీలేవే, ఇప్పుడవన్నీ..." అనబోయాడు.

"మీరు ఊరుకోండి. నేను మాట్లాడతన్నా గదా" అంది అక్క.

బావ నోరు మూసేశాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం ఉంది, కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి, పెదాల దగ్గర చిన్నపిల్లాడికి ఏదో దొరికినంత సంతోషం కూడా ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో ఆయనకు అదే మొదటి చీవాటు.

అక్క గొంతు పెంచలేదు. "ఏం లేదబ్బాయ్. నువ్వు చెప్పింది ఒక పేరే. ఆయన కేసు కోర్టోళ్ళు కొట్టేసి చానా ఏళ్ళయింది. నాది ఈ ఎండాకాలం దాకా నడిచింది. ఎవరికీ తెలవకుండా ఇంట్లోనే నడిచింది. ఇది నీకు తెలియాల. అందుకే పిలిపించా" అంది.

తమ్ముడు గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. వాడు మిర్చి యార్డులో ఎంతమందిని అదిలించే మనిషో నాకు తెలుసు. ఆరోజు ఏడ్చాడు. అక్క క్షమించానని చెప్పలేదు, పొమ్మని కూడా చెప్పలేదు. కాసేపయ్యాక మా ఆవిడతో, తుండుగుడ్డ ఒకటి ఇవ్వు, తల తుడుచుకుంటాడు అంది. వాడు తుడుచుకుని గుమ్మంలోనే కూర్చుని టీ తాగాడు. బావ వాడితో ఆరోజు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు గానీ, వాడు అన్నా అన్నప్పుడు ఉండరా అనే పాత మాట మాత్రం రాదు. ఊఁ అంటాడు. తమ్ముడు ఆ ఊఁ తోనే సరిపెట్టుకుంటున్నాడు. వారం వారం వస్తాడు, గుమ్మానికి దగ్గర్లో కూర్చుంటాడు.

మా ఆదివారాలు ఇప్పుడు బాగానే నడుస్తున్నాయి. ఆటలేవీ లేవు. బావా అక్కా వచ్చి కూర్చుని పోట్లాడుకుంటారు. ఉప్పు గురించి, ఫ్యాను స్పీడు గురించి, ఎప్పుడో పిల్లల చిన్నప్పుడు కొనని సైకిలు గురించి. బావ కావాలనే ఏదో ఒకటి అంటాడు, అక్క ఒప్పుకోదు, ఆయన ఓడిపోయి మా అందరి వైపూ గర్వంగా చూస్తాడు. నాకు వాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, అలసటగా కూడా ఉంటుంది. బావకు మోకాళ్ళు పోయాయి, అక్కకు చక్కెర వ్యాధి వచ్చింది, ఇద్దరూ పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు భయం లేకుండా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. దానికి సరిపడా కాలం ఇంకా వాళ్ళకు మిగిలి ఉందా అన్నదొక్కటే నా దిగులు.